ఆ మాత్ర కాఫీలో కలపొద్దమ్మా

కోనసీమ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. ఊరు, పేరు బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

పెళ్లయి తొమ్మిదేళ్లు, ఒక పాప. భర్తకు ముప్ఫయ్యెనిమిదేళ్లు. ఆరెకరాలు లీజుకు తీసుకుని వెనామీ రొయ్యలు సాగు చేస్తారు. నాలుగేళ్ల కిందట సంక్రాంతి ముందు ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. రాత్రంతా చెరువు గట్ల మీద తిరిగి, తెల్లారి ఇంటికొచ్చినా అలసట ఉండేది కాదు. ఇంకో ముప్ఫై ఎకరాలు తీసుకుంటానంటూ కాగితం ముక్క లేకుండా అడ్వాన్సులిచ్చారు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ డబ్బు పంచారు. వద్దన్న అన్నగారి మీదకి చెయ్యెత్తారు. రెండు నెలలకి ఆ ఊపంతా దిగిపోయి, గోడవైపు తిరిగి పడుకుని, "నేను బతికుంటే మీకు అప్పులే" అనడం మొదలుపెట్టారు. దగ్గర్లో చూపిస్తే డిప్రెషన్ అని మాత్రలిచ్చారు. అవి వేసుకున్న మూడు వారాలకు మళ్లీ పాత ఉరుకులే. అప్పుడు కాకినాడలో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళితే ఇది బైపోలార్ (మితిమీరిన ఊపూ, కుంగుబాటూ మార్చి మార్చి వచ్చే జబ్బు) అని చెప్పి లిథియం మొదలుపెట్టారు. రెండున్నరేళ్లుగా మనిషి కుదురుగా ఉన్నారు. అప్పుల్లో సగం తీరాయి.

"పోయిన వారం మోటారు షెడ్డులో మేత బస్తాల వెనకాల విప్పని మాత్రల అట్టలు దొరికాయండీ. లెక్క చూస్తే మూడు వారాలుగా వేసుకోవట్లేదు. అడిగితే, 'బాగానే ఉన్నాను కదా, ఇంకెన్నాళ్లు మింగాలి? టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. బ్యాంకులో సంతకం పెడుతుంటే క్లర్కు అదోలా చూశాడు. అసలు నాలో పాత మనిషే లేడు' అన్నారు. లిథియం వాడితే కిడ్నీలు పోతాయని మా బావగారు ఎక్కడో విన్నారట. అత్తయ్యగారు గ్రహచారం మారింది, ఇంక మందులెందుకంటారు. మళ్లీ ఆవిడే, నీకంత భయమైతే పొడి చేసి కాఫీలో కలిపెయ్యమంటారు. కలపనా? తప్పా? ఆ సంక్రాంతి మళ్లీ చూసే ఓపిక నాకు లేదు" అని రాశారు. చివర్లో ఒక్క వాక్యం: "మా ఆడపడుచుకీ ఇదే జబ్బు, తను వాల్‌ప్రోయేట్ అనే మాత్ర వాడుతోంది, ఈ శ్రావణంలో పెళ్లి."

అమ్మా,

కాఫీలో కలపకండి. ముందు ఈ మాట చెప్పేస్తే మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు. మీకు ఆ ఆలోచన రావడం నేరమేమీ కాదు. ఇంట్లో మనిషి చేజారిపోతుంటే చూస్తూ ఊరుకోలేక, వేరే దారి కనపడక ఈ పని చేసినవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ లిథియంతో ఈ పని మరీ ప్రమాదం. ఎందుకో చెబుతాను.

లిథియం ఉప్పు జాతికి చెందిన ఖనిజం. దీన్ని ఉన్మాదానికి, అంటే ఆ సంక్రాంతికి మీవారికి వచ్చినలాంటి ఊపుకి, వాడవచ్చని 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ప్రకటించారు. ఇప్పటికీ ఈ జబ్బుకి మొదటి వరస మందుల్లో ఇదొకటి. ఉప్పు జాతిది కాబట్టే మన కిడ్నీలు దీన్ని సోడియంతో కలగలిపి చూస్తాయి. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గాయంటే కిడ్నీలు సోడియంతో పాటు లిథియాన్నీ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. అప్పుడు రోజూ వేసుకునే డోసే రక్తంలో ఎక్కువైపోతుంది. రక్తంలో ఇది సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. 1.5 దాటితే విషమయ్యే ప్రమాదం మొదలవుతుంది. పనిచేసే మోతాదుకీ ముంచే మోతాదుకీ మధ్య ఉన్న ఎడం అంతే.

ఇప్పుడు ఒకసారి ఊహించండి. మీరు కాఫీలో కలుపుతున్నారు, ఆయనకు తెలియదు. రోహిణి కార్తె ఎండలో చెరువు గట్టు మీద చెమటలు కక్కి, ఒళ్లునొప్పులని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లారు. ఏం మందులు వాడుతున్నావని ఆయన అడిగితే మీవారు ఏమీ లేవంటారు. డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పడుతుంది. ఆ నొప్పి మందు రక్తంలో లిథియాన్ని ఇంకా పైకి లేపుతుంది. సాయంత్రానికి వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడక తూలడం. ఎండదెబ్బ అనుకుంటారు, కొందరు తాగాడనుకుంటారు. అసలు సంగతి తెలిసినవారు మీరొక్కరే, చెప్పాలంటే అందరి ముందూ చెప్పాలి. దానికి తోడు ఇందులో కొన్ని మాత్రలు మెల్లగా కరిగే రకం. పొడి చేస్తే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. మూడు వారాలు మానేసిన మనిషికి మళ్లీ ఎంతతో మొదలుపెట్టాలో కూడా డాక్టరే చెప్పాలి.

ఇంకొకటి, ఆయనకు ఎప్పుడో ఒకప్పుడు తెలిసిపోతుంది. ఈ జబ్బు ముదిరినప్పుడు అనుమానాలు రావడం ఉన్నదే. ఆ స్థితిలో ఉన్న మనిషికి మీ చేతి కాఫీలో నిజంగానే ఏదో కలుస్తోందని తెలిస్తే, తర్వాత మీ చేతి అన్నం కూడా ముట్టరు. ఇవాళ మీరేమన్నా వినేపాటి నమ్మకం ఆయనకు మీమీద ఉంది. చెయ్యి వణుకుతోందని, పాత మనిషి లేడని దాచుకోకుండా చెప్పారు చూడండి. ఆ నమ్మకాన్ని ఖర్చుచేసుకోకండి.

ఆ రెండు మాటల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. మీ ఉత్తరంలో అందరూ వాటిని మాత్ర మానడానికి చెప్పే సాకుల్లా విన్నారు. నాకవి డాక్టరుకు చేరాల్సిన ఫిర్యాదుల్లా వినిపించాయి.

చెయ్యి సన్నగా వణకడం లిథియం వాడే చాలామందికి ఉంటుంది. రోజుకెన్ని టీలు, కాఫీలు పడుతున్నాయో చూడండి, అవి వణుకును పెంచుతాయి. అయితే మామూలుగా తాగేవారు ఒక్కసారిగా పూర్తిగా మానేసినా రక్తంలో లిథియం పెరుగుతుంది, అందుకని మెల్లగా తగ్గించుకోవాలి. డోసు కాస్త తగ్గించడం, వేసుకునే వేళ మార్చడం, వణుకుకి వేరే చిన్న మాత్ర ఇవ్వడం, ఇవన్నీ డాక్టరు చెయ్యగలిగినవే. సన్నని వణుకు ఉన్నట్టుండి ముదిరి, గ్లాసులో టీ ఒలికేంతగా ఊగితే మాత్రం అది వేరే సంగతి. అప్పుడు అదే రోజు రక్తపరీక్ష చేయించాలి.

"పాత మనిషి లేడు" అన్నదానికి మూడు అర్థాలుండొచ్చు. మొదటిది, ఆ సంక్రాంతి రోజుల ఊపు ఆయనకు తీపి జ్ఞాపకంగా మిగిలి ఉండొచ్చు. నిద్ర అక్కర్లేదు, అలుపు లేదు, ఏ పనైనా చేసెయ్యగలననిపిస్తుంది. బయట నిలబడి చూసిన మీకు అది నరకం, లోపల ఉన్న ఆయనకు అప్పుడు అలా లేదు. అది పోయినందుకు మనిషికి నిజంగానే బెంగ ఉంటుంది. దాన్ని వెక్కిరించకండి. రెండోది, లిథియం కొందరిలో థైరాయిడ్‌ను మందగింపజేస్తుంది. బద్ధకం, బరువు, మబ్బుగా ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం అలా వస్తాయి. ఒక్క టీఎస్‌హెచ్ పరీక్షతో తేలిపోతుంది, మాత్రతో సరవుతుంది. మూడోది, డిప్రెషన్ పూర్తిగా వదలకుండా అడుగున కొంత మిగిలి ఉండొచ్చు. ఈ మూడింటికీ చికిత్స వేరువేరు. ఇందులో ఏదో తేల్చకుండా మందే మానేస్తే ఆయన బాధ తీరదు, పాత గండం మాత్రం తిరిగొస్తుంది.

కిడ్నీల సంగతి. మీ బావగారు విన్నది పూర్తిగా అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి కిడ్నీల పనితీరు తగ్గుతుంది. అందుకే ఆరునెలలకోసారి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), టీఎస్‌హెచ్, కాల్షియం, వాటితోపాటు లిథియం స్థాయి చూస్తారు. తేడా మొదట్లోనే కనపడితే డోసు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. కిడ్నీలను ఎక్కువగా దెబ్బతీసేది రక్తంలో లిథియం మితిమీరడం. మీవారికి ఇది చెప్పడం సులువే. ఏరియేటర్లు తిరుగుతున్నాయి కదా అని డీఓ (నీటిలో ఆక్సిజన్), పీహెచ్ చూసుకోకుండా ఆయన ఏనాడైనా చెరువును వదిలేశారా? ఈ పరీక్షా అలాంటిదే.

ఆ లిథియం పరీక్షకి ఒక పద్ధతి ఉంది. చివరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి రక్తమివ్వాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే ఉదయం తొమ్మిదికి ల్యాబులో ఉండాలి. ఉదయం మాత్ర ఉంటే అది రక్తమిచ్చాకే. మాత్ర వేసుకుని వెళ్లి రక్తమిస్తే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది, ఇంటిల్లిపాదీ హడలిపోతారు. డోసు మార్చినప్పుడల్లా వారం అటూ ఇటుగా మళ్లీ చూపించాలి.

ఇక మీ ముందున్న దారులు.

ఏమీ చెయ్యకుండా, ఆయన మానేసినట్టే వదిలెయ్యడం ఒకటి. లిథియాన్ని ఉన్నపళాన ఆపినవారిలో జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది, అదీ మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ, ముఖ్యంగా ఆ ఉన్మాదపు ఊపు. ఆత్మహత్యల ముప్పు తగ్గించడంలో దశాబ్దాలుగా పేరున్న మందు ఇది. ఒకప్పుడు చావు మాటలు మాట్లాడిన మనిషి దీన్ని హఠాత్తుగా వదిలేశారంటే నాకు భయంగా ఉంది, దాచను. ఇప్పుడు బాగానే కనపడుతున్నారు కదా అంటే, మూడు వారాలు అందుకు సరిపడా గడువు కాదు.

రెండోది, లిథియంతోనే కొనసాగడం, కానీ ఆయన ఫిర్యాదులన్నీ డాక్టరు ముందు పెట్టి డోసు, వేళలు సరిచేయించుకోవడం. రెండున్నరేళ్లు ఈ మందు ఆయన్ని నిలబెట్టింది. పనిచేస్తుందని తేలిన మందును వదిలి కొత్తది వెతుక్కునే ముందు ఇది ప్రయత్నించాలని నా అభిప్రాయం.

మూడోది, మందు మార్చుకోవడం. వాల్‌ప్రోయేట్ ఉంది. మగవారిలో ఎక్కువగానే వాడతారు, బరువు పెరగడం, జుట్టు రాలడం ఉంటాయి, లివర్, ప్లేట్‌లెట్లు చూసుకోవాలి. క్వెటియాపిన్, ఒలాంజపిన్ లాంటివి ఉన్నాయి, వాటితో నిద్రమత్తు, బరువు, షుగర్ మీద కన్నేసి ఉంచాలి. లామోట్రిజిన్ డిప్రెషన్ వైపు పడిపోకుండా బాగా ఆపుతుంది, ఉన్మాదాన్ని ఆపడంలో అంత బలం లేదు. కాబట్టి మీవారి కథకి అదొక్కటే చాలకపోవచ్చు. ఏ ఇబ్బందీ లేని మందు వీటిలో లేదు. ఏ ఇబ్బందితో తాను బతకగలనో ఆయనే చెప్పాలి, డాక్టరు విని ఎంచాలి.

నాలుగోది, డాక్టరు కళ్లముందు మెల్లగా మానడం. ఆయన అంతగా పట్టుబడితే అదీ ఒక దారే. డోసును కనీసం నాలుగు వారాల మీద, వీలైతే మూడు నెలల మీద తగ్గించుకుంటూ వస్తారు. కొత్త పంట వేసిన నెలలో, అప్పు వాయిదాల నెలలో, ఇంట్లో పెళ్లి పెట్టుకుని ఈ పని మొదలుపెట్టకూడదు. తిరగబెడితే మళ్లీ మొదలుపెడతానని ఆయన ముందే ఒప్పుకోవాలి. అయితే ఒక్కొక్కసారి తిరగబెట్టినకొద్దీ అప్పులూ, పరువూ, పాప చూసే దృశ్యాలూ ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను ఆయన్ని చూడలేదు, డోసు చెప్పను. ఈ వారంలోనే కాకినాడ డాక్టరుగారి దగ్గరికి వెళ్లండి, మూడు వారాల సంగతి దాచకుండా చెప్పండి. మీవారితో మాట కలపడానికి, "మందు వేసుకుంటారా లేదా" అని అడక్కండి. "మీ చెయ్యి వణుకు గురించి ఈసారి నేనే డాక్టరుగారితో దెబ్బలాడతాను, పదండి" అనండి. పాత డాక్టరు వద్దంటే కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక విభాగం ఉంది, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆయన ససేమిరా రానంటే మీరొక్కరైనా వెళ్లి డాక్టరుతో మాట్లాడండి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

రొయ్యల సాగు గురించి ఎవరూ మీకు చెప్పి ఉండరనిపించి ఇది రాస్తున్నాను. ఈ జబ్బుకి నిద్ర కరవవడం గుర్తూ, కారణమూ కూడా. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని మూడింటికి లేచి గట్టు మీదకి పరిగెత్తడం, కరెంటు పోతే జనరేటర్ కోసం రాత్రంతా కాపలా కాయడం, రొయ్యలు పట్టే రోజు అసలు కన్నే మూయకపోవడం, మీవారి బతుకంతా రాత్రి నిద్రను చెడగొట్టేదే. రాత్రి కాపలాకి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోండి. ఖర్చే, కానీ నాలుగేళ్ల కిందటి నష్టంతో పోల్చుకోండి. వరసగా రెండు రాత్రులు మూడు నాలుగు గంటలే పడుకుని కూడా పొద్దున హుషారుగా లేచారంటే, మూడో రాత్రి దాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చెయ్యండి.

ఎండలు ముదురుతున్నాయి. మందు మళ్లీ మొదలైతే, మజ్జిగో బొండం నీళ్లో మంచినీళ్లో దాహమయ్యేదాకా ఆగకుండా తాగాలి. అత్తయ్యగారికి బీపీ అని ఇంట్లో అందరికీ ఉప్పు తగ్గించేస్తే ఆయనకది మంచిది కాదు. ఉప్పు ఒక్కసారి తగ్గించడం, ఒక్కసారి పెంచడం రెండూ వద్దు. దీక్షలు, ఒక్కపొద్దులు డాక్టరును అడిగాకే. నొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ జోలికి పోవద్దు, పారాసిటమాల్ మామూలుగా ఫర్వాలేదు. రేపు ఆయనకే బీపీ వచ్చి ఎవరైనా టెల్మిసార్టానో, నీరు పోయే మాత్రో రాస్తే, లిథియం సంగతి ముందే చెప్పాలి, అవీ దాన్ని పెంచుతాయి. ఒక అట్టముక్క మీద "లిథియం వాడుతున్నాను" అని రాసి ఆయన పర్సులో, మీ పర్సులో పెట్టండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే తర్వాతి మాత్ర ఆపి వెంటనే డాక్టరును అడగండి. వాటికి తోడు మాట ముద్దైనా, నడక తూలినా, మగతగా ఉన్నా సెలైన్ పెట్టించి సరిపెట్టకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ఆయన బాగున్నప్పుడే ఇద్దరూ కూర్చుని కొన్ని కాగితం మీద పెట్టుకోండి. కొత్త లీజుకు ఇద్దరి సంతకాలూ ఉండాలని, ఫోన్‌లో డబ్బు పంపే పరిమితి తగ్గించాలని, నిద్ర పట్టని రోజున మీ మాట ఆయన వినాలని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తన తరఫున మాట్లాడే ప్రతినిధిగా ఆయన మిమ్మల్ని తెల్లకాగితం మీద సంతకంతో నియమించుకోవచ్చు. రేపు ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఆ కాగితం మీకు పనికొస్తుంది. ఆయన ఇష్టంతో రాసింది కాబట్టి ఆయనకీ మర్యాద.

చెరువుకు కొట్టే మందులు, రసాయనాలు షెడ్డులో తాళం వేసి ఉంచండి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండాలి. చావు మాట మళ్లీ వినిపిస్తే ఆయన్ని ఒంటరిగా వదలకండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, అర్ధరాత్రయినా సరే. "ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు.

మీ ఆడపడుచు సంగతి ఒక్క వాక్యంలో వదిలేశారు. నాకు మాత్రం అది మీవారి సంగతంత ముఖ్యం. వాల్‌ప్రోయేట్ వాడుతూ గర్భం దాలిస్తే పుట్టే బిడ్డల్లో నూటికి దాదాపు పదిమందికి పుట్టుకతో లోపాలుంటాయి. వెన్నెముక, గుండె, అంగిలి లోపాలు అందులో ఉన్నాయి. నూటికి ముప్ఫై నలభై మందికి ఎదుగుదల, మాట, చదువులో ఇబ్బందులు వస్తాయి. వెన్నెముక ఏర్పడటం గర్భం వచ్చిన మొదటి నెలలోనే జరిగిపోతుంది, నెల తప్పిందని ఆ అమ్మాయికి తెలిసేలోపే. ఫోలిక్ ఆసిడ్ వేసుకున్నా ఈ ముప్పు పూర్తిగా పోదు. కాబట్టి గర్భం రావచ్చనుకునే ఆడపిల్లలకి వేరే దారి ఉన్నంతవరకూ ఈ మందు ఇవ్వకూడదు. అలాగని భయపడి తనంతట తాను రేపే మానెయ్యకూడదు, తిరగబెడుతుంది. మందు మార్చడానికి వారాలు పడుతుంది. ఉదాహరణకు లామోట్రిజిన్‌కి మారాలంటే ఒంటిమీద ప్రమాదకరమైన దద్దుర్లు రాకుండా చాలా చిన్న డోసుతో మొదలుపెట్టి వారాల మీద పెంచాలి, వాల్‌ప్రోయేట్‌తో కలిపి వాడే రోజుల్లో ఇంకా మెల్లగా. శ్రావణానికి ఇంకా వ్యవధి ఉంది. పెళ్లి బట్టలకంటే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మందు మార్పు పూర్తయ్యేదాకా పిల్లల మాట వాయిదా వెయ్యాలేమో కూడా అడిగి తెలుసుకోండి.

పెళ్లికొడుకు ఇంట్లో చెప్పారో లేదో రాయలేదు. దాచి చేసిన పెళ్లిని తర్వాత మోసమంటూ కోర్టుకెక్కించేవాళ్లున్నారు, అది ఒక భయం. నాకు అంతకంటే పెద్ద భయం, అత్తవారింట్లో తెలియకూడదని ఆ పిల్ల మాత్రలు దాచుకుని, చివరికి మానేయడం. ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలన్నది ఆ అమ్మాయి నిర్ణయించుకోవాలి, కనీసం కాబోయే భర్తకైనా తనే చెప్పుకునేలా ధైర్యమివ్వండి. మీ అత్తయ్యగారు ఒప్పుకోకపోతే, మీ ఆడపడుచునే నాకు విడిగా రాయమనండి.